కొలత కూడా అమానతే

వుజూ చేస్తూ కుళాయి ధారాళంగా వదిలేసినవారిని చూస్తే మనం మందలిస్తాం. విస్తరిలో అన్నం వదిలేసే పిల్లవాడికి అది అల్లాహ్‌కు నచ్చని పని అని నచ్చజెబుతాం. ఇది మంచి అలవాటే. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే చాలా కొద్దిపాటి నీటితో, వుజూ పూర్తి చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). ఆరాధన కోసం వాడే నీటిలోనే అంత పొదుపు పాటించిన ప్రవక్త (స) అనుచరులం మనం.

అయితే ఒక్క విషయం ఆలోచిద్దాం. నీళ్ళు వృధా చేయవద్దని మనం మందలిస్తున్నాం సరే. మరి ఆ కుళాయిని పోతపోసిన కార్ఖానాలో ఎంత లోహం, ఎంత బొగ్గు, ఎంత కరెంటు వృధా అయిందో ఎన్నడైనా అడిగామా? ఇస్రాఫ్ (దుబారా) అనగానే మనకు పెళ్ళి విందులు, పట్టుబట్టలు, దీపాల అలంకరణలు గుర్తొస్తాయి. అది వాడుకునేవాడి దుబారా. తయారు చేసేవాడి దుబారా ఒకటుంది. అది కొలిమిలో, బాయిలర్‌లో, మోటారులో, గోడ లోపలి ఇనుములో దాగి ఉంటుంది. కంటికి కనిపించదు గనుక మనస్సాక్షికి కూడా తగలదు.

ఇంతకీ మన ముందున్న ప్రశ్న ఇది. డబ్బు చెల్లించి కొన్నది, ఎవరినీ మోసం చేయకుండా తయారు చేసింది, అవసరానికి మించి ఖర్చయితే అది కూడా పాపమేనా? లేక అది ఇంజనీర్లు, యజమానులు చూసుకోవలసిన లెక్క మాత్రమేనా?

దావూద్ (అ) చేతిలో ఇనుము

దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరాలో (34:10, 11) హజ్రత్ దావూద్ (అ) ప్రస్తావన వస్తుంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తగా చేశాడు. యుద్ధ కవచాలు తయారు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆజ్ఞాపించాడు. ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, సత్కార్యాలు చేయండన్న ఆదేశం కూడా అదే ఆయతులో ఉంది. తాను అన్నీ చూస్తున్నానన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. కొలిమి దగ్గర కొలత పాటించడం, మంచి పనులు చేయడం, దైవం చూస్తున్నాడన్న ఎరుక కలిగి ఉండడం - ఈ మూడూ ఒకే చోట చేరాయి.

ఈ కొలత ఏమిటో తొలితరం వ్యాఖ్యాత ముజాహిద్ (రహ్మలై) వివరించారు. కడియాన్ని బిగించే మేకు మరీ సన్నగా ఉంటే వదులై ఊగుతుంది. మరీ లావుగా ఉంటే కడియాన్ని చీల్చేస్తుంది. రెండూ తప్పే. సరిపోయినంత ఉండాలి. అంతకు తగ్గకూడదు, మించకూడదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. దావూద్ (అ) రాజు. ఖజానా ఆయనదే. పైగా ఇనుము ఆయన చేతిలో అల్లాహ్ ఆజ్ఞతో మెత్తబడింది. అలాంటి వ్యక్తికి ఇనుము కరువా? కరువు లేనివాడికి కూడా కొలత తప్పలేదు. అంటే కొలత పాటించడం పేదరికం నేర్పే పిసినారితనం కాదన్నమాట. అది అమానత్ (అప్పగింత) పట్ల చూపే మర్యాద.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 23 భవనాలలోని 10,000కు పైగా ఉక్కు దూలాలను లెక్కగట్టి 2014లో ఫలితాలు ప్రచురించారు. నిబంధనల ప్రకారం ఆ దూలాలు మోయగలిగే బరువులో సగటున సగం కూడా వాటిపై పడడం లేదని తేలింది. భద్రత కోసం వదిలే అదనపు బలం ఆ నిబంధనలలోనే కలిసి ఉంది. ఇది దానికి కూడా మించిన ఇనుము. ఎందుకిలా జరుగుతుంది? ఒక్కో దూలానికి విడివిడిగా లెక్క కడితే ఇంజనీరుకు సమయం పడుతుంది. అన్నిటికీ ఒకే పరిమాణం వేసేస్తే పని సులువు. ఆ దేశంలో మనిషి సమయం ఖరీదైనది, ఉక్కు చవకైనది. అందుకే ఆలోచనను ఆదా చేసి, ఇనుమును ఖర్చు చేశారు.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలే అంతకు ముందు 2011లో మరో లెక్క చెప్పారు. ప్రపంచంలో కరిగించిన ఉక్కులో సుమారు నాలుగో వంతు, అల్యూమినియంలో సుమారు 40 శాతం అసలు ఏ వస్తువుగానూ మారడం లేదు. కత్తిరింపులుగా, రజనుగా, పనికిరాని ముక్కలుగా మిగిలి మళ్ళీ కొలిమికే చేరుతోంది. లోహం పోదు, నిజమే. కాని దాన్ని రెండోసారి కరిగించడానికి మండే ఇంధనం పోయినట్టే.

"నా డబ్బు, నా ఇష్టం" అనవచ్చా?

"దూలం లావైతే ఎవరికి నష్టం? డబ్బు కట్టింది యజమాని. అమ్మినవాడికి లాభం. ఇల్లు గట్టిగా ఉంది" అని ఎవరైనా అడగవచ్చు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇస్లాం వ్యక్తిగత ఆస్తిని గౌరవిస్తుంది. ఒకరి సొమ్ముకు మరొకరు లెక్క అడిగే హక్కు మామూలుగా లేదు.

అయితే ప్రళయ దినాన దాసుడు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలలో ధనం గురించి రెండున్నాయని హదీసు ద్వారా మనకు తెలుసు (తిర్మిజీ). ఎలా సంపాదించాడన్నది ఒకటి, ఎందులో ఖర్చు పెట్టాడన్నది రెండోది. హలాల్ సంపాదన మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు. రెండోది అలాగే మిగిలి ఉంటుంది. పైగా బనీ ఇస్రాయీల్ సూరా (17:27) దుబారా చేసేవారిని షైతాన్ సోదరులని పేర్కొన్నప్పుడు, అప్పు చేసి దుబారా చేసేవారనో, దొంగ సొమ్ముతో దుబారా చేసేవారనో మినహాయింపు ఇవ్వలేదు. తన సొంత సొమ్ము దుబారా చేసేవాడు కూడా అందులో ఉన్నాడు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మనం చెల్లించే ధరలో ఇనుము ఖరీదు ఉంది, కూలి ఉంది, రవాణా ఉంది. పొగ ఖరీదు లేదు. ఖనిజం నుంచి ఒక టన్ను ఉక్కు తీయాలంటే సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలుస్తుంది. మన దేశంలో సగటు అంతకంటే ఎక్కువే. ఈ వాయువు కనిపించదు, వాసన రాదు. భూమి నుంచి తిరిగిపోయే వేడిని పట్టి ఉంచుతుంది. యంత్రయుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలుండేది. ఇప్పుడు 420 భాగాలు దాటింది. ప్రపంచంలో ఇంధనం, పరిశ్రమల ద్వారా వెలువడే ఈ వాయువులో సుమారు నాలుగో వంతు నేరుగా కార్ఖానాల నుంచే వస్తోంది.

దీని మూల్యం ఎవరు చెల్లిస్తారు? 2015 వేసవిలో వడగాలులకు దేశంలో రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. ఒక్కో వడగాలికి ఒకే కారణం అంటగట్టలేం. కాని భూమి వేడెక్కేకొద్దీ వడగాలులు ముదురుతాయన్నది శాస్త్రవేత్తలు తేల్చిన విషయం. ఎండకు పడిపోయేది ఏసీ గదిలో కూర్చున్న యజమాని కాదు. ఉపాధి పనికి వెళ్ళిన కూలీ, రిక్షా తొక్కే సోదరుడు, రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలి తల్లి. ఇతరులకు హాని తలపెట్టరాదన్నది షరీఅత్‌లో ఒక మూల సూత్రం. అవసరం కోసం వెలువడే పొగకు ఒక సాకు ఉంది. వృధా కోసం వెలువడే పొగకు ఏ సాకూ లేదు. దాని వల్ల ఎవరికీ మేలు లేదు, పరుల మీద భారం మాత్రం ఉంది. కాబట్టి డబ్బు చెల్లించినంత మాత్రాన వృధా ధర్మసమ్మతం కాదు.

గాలిలో కలిసే వేడి

వృధాను అరికట్టడం సాధ్యమేనా అంటే, మన దగ్గరే నిదర్శనాలున్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ పొయ్యి నుంచి వెయ్యి డిగ్రీలు దాటిన వేడితో నిప్పుకణికలా బయటికి వస్తుంది. పాత పద్ధతిలో దానిపై నీళ్ళు కుమ్మరించి చల్లారుస్తారు. ఆ వేడంతా ఆవిరై ఆకాశంలో కలిసిపోతుంది. విశాఖలో మొదటి నుంచీ మూసిన గదిలో నత్రజని వాయువును ప్రసరింపజేసి కోక్‌ను చల్లారుస్తున్నారు. వాయువు గ్రహించిన వేడితో ఆవిరి తీసి, ఆ ఆవిరితో కరెంటు పుట్టిస్తారు. నీరూ మిగిలింది, వేడీ అక్కరకొచ్చింది.

సిమెంటు కార్ఖానాల్లోనూ అంతే. సున్నపురాయి సుమారు 1450 డిగ్రీల దగ్గర క్లింకర్‌గా మారుతుంది. గొట్టాల ద్వారా పోయే వేడి వాయువులను ఒడిసిపట్టి కొన్ని కార్ఖానాలు తమకు కావలసిన కరెంటులో ఐదో వంతు, ఆపైన కూడా సమకూర్చుకుంటున్నాయి.

ఇవి పెద్ద సంస్థల సంగతులు. చిన్న షెడ్లలో దుబారా ఇంకా చవకగా ఆపవచ్చు. సరిగా చూసుకోని చోట్ల కంప్రెసర్ పంపే గాలిలో 20 నుంచి 30 శాతం పైపుల అతుకుల దగ్గరే బుస్సుమని పోతుంది. ఆ శబ్దం రోజూ వింటూనే ఉంటారు. ఒక్క వాషరు వేస్తే ఆగేదాన్ని ఏళ్ళ తరబడి భరిస్తారు. పెద్ద ఫ్యాను మోటారు వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తినే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. కాని చాలా చోట్ల మోటారును పూర్తి వేగంతో తిప్పుతూ, గాలి ఎక్కువైందని తలుపు సగం మూస్తారు. ఒక కాలితో బండిని పరుగెత్తిస్తూ మరో కాలితో బ్రేకు తొక్కడం కాదా ఇది?

చచ్చిన గొర్రె చర్మం

హజ్రత్ మైమూనా (రజి) స్వేచ్ఛ ప్రసాదించిన ఒక సేవకురాలికి దానంగా వచ్చిన గొర్రె చచ్చిపోయింది. దాన్ని పారేశారు. అటుగా వెళుతున్న దైవప్రవక్త (స) దాని చర్మాన్ని ఎందుకు వాడుకోలేదని అడిగారు. అది చచ్చిన జంతువు కదా అన్నారు సహచరులు. తినడం మాత్రమే నిషిద్ధమని ఆయన వివరించారు (బుఖారీ, ముస్లిం). ఊనిన చర్మం పరిశుద్ధమవుతుందని ఇతర హదీసులు కూడా చెబుతున్నాయి.

ఈ చిన్న సంఘటనలో పెద్ద పాఠం ఉంది. పారేసేముందు ప్రవక్త (స) అడిగిన ప్రశ్న, మనమూ అడగాలి. ఇందులో ఇంకా పనికొచ్చేది ఏముంది?

సిమెంటు విషయంలో ఈ ప్రశ్న ఎంతో విలువైనది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. ఇది రాయిలో ఉన్న వాయువు. ఎంత మంచి పొయ్యి పెట్టినా ఇది ఆగదు. సిమెంటు పొగలో సగానికి పైగా ఇలా వచ్చేదే. కాబట్టి ఇక్కడ ఇంధనం పొదుపు ఒక్కటే చాలదు, క్లింకర్‌నే తక్కువ వాడాలి. రామగుండం, కొత్తగూడెం వంటి థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద అందుకు పనికొస్తుంది. మన ప్రమాణాల ప్రకారం పొజొలానా సిమెంటులో 35 శాతం వరకు బూడిద కలపవచ్చు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి చేసే కొత్త రకం సిమెంటుకు భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ప్రమాణం విడుదల చేసింది. మామూలు సిమెంటుతో పోలిస్తే దీనివల్ల వాయువు సుమారు 40 శాతం వరకు తగ్గుతుంది. నిన్న పొలాల మీద పడి పంటను పాడుచేసిన బూడిదే నేడు గోడలో బలంగా నిలుస్తోంది. అల్యూమినియం సంగతీ ఇంతే. పాత గిన్నెను కరిగించి కొత్తది పోయడానికి, ఖనిజం నుంచి తీయడానికయ్యే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. పాత సామాను కొని అమ్మే మన సోదరులు తమ వృత్తిని చిన్నచూపు చూసుకోనవసరం లేదు.

పొదుపు వేరు, మోసం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తక్కువ వాడడమే ధర్మమనుకుని ఇనుము ఎగ్గొట్టేవాళ్ళున్నారు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయారు. అనుమతి లేకుండా పై అంతస్తులు లేపారు. భారీ జనరేటర్లు ఎక్కించారు. ముందురోజు గోడలు బీటలు వారినా బట్టల కార్ఖానాలకు మనుషులను రప్పించారు. ఇది పొదుపు కాదు, అన్యాయం. మేకు సన్నబడిందన్న మాట.

కొలతకు రెండు అంచులున్నాయి. ఒక అంచు దాటితే దుబారా, మరో అంచు దాటితే ద్రోహం. రహ్మాన్ సూరా (55:7-9) త్రాసు గురించి చెబుతూ అతిక్రమించడాన్నీ, తగ్గించడాన్నీ రెండింటినీ వారించింది. యంత్రానికి రక్షణ తొడుగు తీసేసి, కార్మికుడి విశ్రాంతి కోసేసి, పని గంటలు పెంచి "సామర్థ్యం పెంచాం" అనేవారు ఈ ఆయతులు ముందు పెట్టుకుని ఆలోచించాలి.

లాభం కోసం చేస్తే పుణ్యమా?

కార్ఖానా యజమాని వేడిని ఒడిసిపట్టింది బొగ్గు ఖర్చు తగ్గించుకోవడానికే కదా, అందులో ధర్మం ఏముందని మరో ప్రశ్న. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయి. ఇది మనకు తెలిసిన హదీసే. అయినా గాలి ఎవరి సంకల్పాన్నీ అడగదు. తగ్గిన పొగ తగ్గినట్టే, దాని మేలు అందరికీ అందుతుంది. హలాల్ లాభం కోరుకోవడం తప్పు కూడా కాదు. అయితే సంకల్పానికి పరీక్ష లాభం ఉన్న చోట జరగదు, లాభం ఆగిపోయిన చోట జరుగుతుంది. వాషరు ఖరీదు రెండు నెలల్లో తిరిగొస్తుందంటే ఎవరైనా వేస్తారు. పదేళ్ళు పడుతుందంటే, అధికారి కూడా అడగడంటే, అప్పుడు ఏం చేస్తాడు? లెక్క అప్పగించాల్సింది ఆడిటర్‌కు మాత్రమే కాదని నమ్మినవాడు ఆ దగ్గర వేరుగా ప్రవర్తిస్తాడు.

మిగిల్చింది ఎక్కడికి పోతోంది?

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. మన దేశంలో 2012 నుంచి 2015 వరకు ఎనిమిది రంగాలలోని 478 భారీ కర్మాగారాలకు ప్రభుత్వం ఇంధన పొదుపు లక్ష్యాలు విధించింది. అవి లక్ష్యాన్ని మించి ఆదా చేశాయి. 3 కోట్ల 10 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గిందని లెక్క తేలింది. ఇది అభినందించదగిన విజయం. అయినా 2024-25లో దేశ బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది.

1865లోనే ఇంగ్లండుకు చెందిన ఆర్థికవేత్త జెవన్స్ ఈ విషయం గమనించాడు. ఆవిరి యంత్రం తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చవకైన కొద్దీ యంత్రాలు పెరిగాయి. పొదుపు అవసరమే. కాని అత్యాశ అలాగే ఉంటే పొదుపు చిల్లుసంచిలో పోసిన గింజలవుతుంది.

అయితే పెరిగిన వాడకమంతా పాపమని అనడం అన్యాయం. చీకటింట్లో వెలిగిన బల్బు, ఆసుపత్రిలో ఆగకుండా నడిచే యంత్రం, పేదవాడి తలపై నిలిచిన స్లాబు - ఇవి అవసరాలు. ఇమామ్ షాతిబీ (రహ్మలై) వంటి పండితులు మనిషి మేలును మూడు మెట్లుగా విభజించారు. లేకపోతే బతుకు నిలవనివి, లేకపోతే బతుకు ఇబ్బంది పడేవి, ఉంటే బతుకుకు అందం తెచ్చేవి. మిగిల్చిన ఇనుము, మిగిల్చిన కరెంటు మొదటి మెట్టు మీద నిలబడ్డవాడికి చేరితే అందులో బర్కత్ ఉంది. మూడో మెట్టు కూడా దాటి, పొరుగువాడికి చూపించుకోవడానికి పోతే అది మళ్ళీ ఇస్రాఫ్‌లోకే పోయింది. యంత్రం పొదుపు చేయగలదు. కాని తృప్తి (ఖనాఅత్) యంత్రంలో తయారు కాదు. అది మనిషి గుండెలో పుట్టాలి.

మన వంతు

"అమెరికాలో ఒక్కో మనిషి వాటాకు వచ్చే పొగ మనకు ఏడింతలు. వాళ్ళని అడగండి" అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. ఎక్కువ కాల్చినవాడు ఎక్కువ బాధ్యత వహించాలి. కాని దైవప్రవక్త (స) చెప్పిన ఓడ ఉపమానం (బుఖారీ) గుర్తు చేసుకుందాం. కింది అంతస్తువారు నీటి కోసం ఓడకు రంధ్రం చేయబోతారు. పైవారు వదిలేస్తే అందరూ మునుగుతారు, చెయ్యి పట్టి ఆపితే అందరూ బయటపడతారు. నేడు పై అంతస్తువారే రంధ్రం చేస్తున్నా, మన చేతిలోనూ చిన్న ఉలి ఉంటే దాన్ని కింద పెట్టడమే మనకు మేలు.

ఇల్లు కట్టుకునేవారు "ఎందుకైనా మంచిది" అని నాలుగు చువ్వలు ఎక్కువ వేయించేముందు, లేదా డబ్బు మిగులుతుందని రెండు తగ్గించేముందు, ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. 50 కిలోల సిమెంటు బస్తా వెనుక సుమారు 30 కిలోల వాయువు ఉందని తెలుసుకోవాలి. బూడిద కలిసిన సిమెంటు నాసిరకమన్న అపోహ వదులుకుని, దానికి తగినన్ని రోజులు నీళ్ళు పట్టాలి. షెడ్డు నడిపేవారు వారానికి ఒకరోజు మిషన్లన్నీ ఆపి, గాలి ఎక్కడ కారుతోందో చెవిపెట్టి వినాలి. పనివాడు రేకు కోసేముందు ముక్కలు తక్కువ మిగిలేలా గీత గీసుకోవాలి. ప్రతి పనిలోనూ ఇహ్సాన్ (పనిని సుందరంగా, సక్రమంగా చేయడం) విధించబడిందని హదీసు చెబుతోంది (ముస్లిం). ఆ గీత కూడా ఇహ్సానే.

ఇక్కడ ఒక్క మాట మరచిపోకూడదు. గోడ లోపలి ఇనుమును ప్రజలు చూడలేరు. కాలిపోయిన బొగ్గుకు సాక్షులు ఉండరు. కాని దావూద్ (అ)కు కొలత నేర్పిన ప్రభువు ఆ ఆయతులోనే తాను చూస్తున్నానని చెప్పాడు.

అల్లాహ్ మన చేతుల్లోని ప్రతి వస్తువునూ అమానత్‌గా భావించి, దాన్ని సరైన కొలతతో వాడే సద్బుద్ధిని, మిగిల్చిన దానిని అక్కర ఉన్నవారికి చేర్చే విశాల హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.